ఇరెపరబుల్ అనే ముందు



పేరున్న మనిషి కన్నుమూస్తే మర్నాటి పత్రికల్లో సంతాప సందేశాలు వస్తాయి. తెలుగు పత్రికలో "ఆయన మరణం తీరని లోటు" అని ఉంటుంది. అదే రోజు ఇంగ్లీషు పత్రికలో ఆ చోట ‘ఇరెపరబుల్ లాస్’ అని కనిపిస్తుంది. మనలో చాలామందికి ఈ విశేషణంతో తొలి పరిచయం ఆ సందేశాల్లోనే జరిగింది. చదివితే అర్థమవుతుంది. సొంతంగా ఒక వాక్యంలో వాడమంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఎలా పలకాలి, దేని పక్కన పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్న సందేహాలు ముసురుకుంటాయి. ఈ ప్రసంగంలో ఆ ఒక్క మాటనే నిదానంగా చూద్దాం.

కలం, కాగితం దగ్గరుంటే రాసుకోండి. ఐ, రెండు ఆర్‌లు, ఇ, పి, ఏ, ఆర్, ఏ, బి, ఎల్, ఇ. ఇరెపరబుల్. మరమ్మతుకు లొంగని, పూడ్చలేని, బాగుచేయడం సాధ్యంకాని అని అర్థం.

మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్, ఉప్పల్, నాచారం. హైదరాబాదు తూర్పున ఉన్న మా పేటల్లో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు కొదవలేదు. పగలంతా నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో పనిచేసి సాయంత్రం పుస్తకం పట్టేవాళ్లున్నారు. ఘట్‌కేసర్ దారిలోని ఇంజనీరింగ్ కాలేజీలకు పోయివచ్చే పిల్లలున్నారు. పిల్లల హోంవర్కు చెప్పడానికి తామే ముందు నేర్చుకునే తల్లులున్నారు. వాళ్లకు ఇంగ్లీషు చెప్పే మనిషిగా నాకు ఒక నమ్మకం కుదిరింది. కష్టమైన మాటను నిఘంటువులో చూసి బట్టీ పడితే నాలుగు రోజుల్లో జారిపోతుంది. ఆ మాటతో నిజంగా అవసరం పడే మనుషులు ఎవరో, వాళ్లు దాన్ని ఎప్పుడు వాడతారో తెలిస్తే నిలుస్తుంది. మా అదృష్టం ఏమిటంటే, మేడిపల్లి నుంచి ఉప్పల్, హబ్సిగూడ మీదుగా తార్నాక వెళ్లే దారిలోనే ఈ మాటతో పని ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి దగ్గర ఆగుదాం.

ముందు ఉచ్చారణ. ‘రిపేర్’ మనకు బాగా అలవాటైన మాట. అందుకే ఈ విశేషణాన్ని చూడగానే నాలుక ‘ఇర్రిపేరబుల్’ అంటుంది. సరైన పలుకు అది కాదు. బలం రెండో అక్షరం మీద పడాలి. ఇ-రె-పరబుల్. ‘రె’ని ఒత్తి పలికి, మిగిలినవాటిని తేలిగ్గా వదిలేయాలి. రెండు ఆర్‌లు రాస్తాం గాని పలికేటప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. నాతోపాటు ఇంకోసారి అనండి. ఇరెపరబుల్.

మరి ‘రిపేర్’కూ దీనికీ చుట్టరికం లేదా అంటే, ఉంది. రెండూ లాటిన్‌లోని ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఆ ధాతువుకు సిద్ధం చేయడం అని అర్థం. ముందుగా సిద్ధం చేస్తే ‘ప్రిపేర్’. పాడైనదాన్ని మళ్లీ సిద్ధం చేస్తే ‘రిపేర్’. యుద్ధంలో చేసిన నష్టానికి ఓడిన దేశం చెల్లించే ‘రిపరేషన్స్’ కూడా ఈ కుటుంబంలోదే. 1919 నాటి వెర్సాయ్ సంధి గురించి చదువుకున్నవాళ్లకు ఆ మాట గుర్తుంటుంది. పరీక్షకు ప్రిపేర్ అయ్యే పిల్లవాడు, స్కూటర్ రిపేర్ చేసే మెకానిక్, సంతాప సందేశం రాసే నాయకుడు, ముగ్గురూ వాడుతున్నది ఒకే వేరు నుంచి మొలిచిన మాటలే.

ఇక ముందున్న ‘ఇర్’ సంగతి. ఇది ‘కాదు, లేదు’ అని చెప్పే ఉపసర్గ. దీని అసలు రూపం ‘ఇన్’. ఆర్ ముందు అది ‘ఇర్’ అవుతుంది. ఎల్ ముందు ‘ఇల్’ అవుతుంది. ఎమ్, పి, బి ముందు ‘ఇమ్’ అవుతుంది. అందుకే ఇర్రెగ్యులర్, ఇల్లీగల్, ఇంపాజిబుల్. ఇంగ్లీషు పిల్లలకు ఇది విడిగా నేర్పాల్సిన సూత్రం. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇందులో కొత్తదనం లేదు. ఉత్ పక్కన లాసం వస్తే ఉల్లాసం అయింది. సత్ పక్కన జనుడు వస్తే సజ్జనుడు అయ్యాడు. జగత్ పక్కన నాథుడు వస్తే జగన్నాథుడు అయ్యాడు. పక్కనున్న అక్షరాన్ని చూసి ముందున్న అక్షరం తన రూపం మార్చుకోవడం మన సంధుల్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. తెలుగు మాధ్యమంలో చదివామని ఇంగ్లీషు ముందు బెదిరేవాళ్లకు నేను ఈ సంగతి గట్టిగా చెబుతాను. మీ తెలుగు చదువు మీకు అడ్డం కాదు. అది మీ పెట్టుబడి.

ఇప్పుడు వాడుకలోకి వద్దాం. ఈ విశేషణం పక్కన ఇంగ్లీషువాళ్లు ఎక్కువగా పెట్టే నామవాచకాలు నాలుగు. డ్యామేజ్, హార్మ్, లాస్, ఇంజురీ. ఇరెపరబుల్ డ్యామేజ్, ఇరెపరబుల్ హార్మ్, ఇరెపరబుల్ లాస్, ఇరెపరబుల్ ఇంజురీ. ఈ నాలుగు జంటలు నోటికి వస్తే ముప్పాతిక పని అయినట్టే. ముందు ఆర్టికల్ కావాల్సివస్తే ‘ఏ’ రాదు, ‘ఆన్’ వస్తుంది, ఎందుకంటే మాట అచ్చుతో మొదలవుతోంది. ఆన్ ఇరెపరబుల్ లాస్. క్రియావిశేషణంగా కావాలంటే ‘ఇరెపరబ్లీ’. ఇరెపరబ్లీ డ్యామేజ్డ్. ఇంకో జాగ్రత్త. దీని ముందు ‘వెరీ’ పెట్టకూడదు. బాగుచేయగలిగితే చేయగలం, లేకపోతే లేదు. కొంచెం బాగుచేయలేనిది, చాలా బాగుచేయలేనిది అంటూ మెట్లు ఉండవు.

వ్యాకరణం వరకు ఇంతే. అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మాకు వరంగల్ రహదారే ప్రాణాధారం. ఆఫీసుకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా, ఉప్పల్‌లో మెట్రో ఎక్కాలన్నా దాని మీదే పోవాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. పనులు కొంత నడిచి, ఏళ్ల తరబడి ఆగిపోయి, కింది రోడ్డు గుంతలతో, దుమ్ముతో, వానాకాలం బురదతో జనాన్ని ఎంత బాధపెట్టిందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఈ రోడ్డు మీద అధికారులకు ఇంగ్లీషులో అర్జీ రాయాలనుకోండి. కోపం బాగా తెలియాలని ‘ద రోడ్ ఈజ్ ఇరెపరబుల్’ అని రాస్తే ఏమవుతుంది? ఈ రోడ్డును బాగుచేయడం ఎవరి తరమూ కాదు అని మనమే రాసిచ్చినట్టవుతుంది. బాగుచేయమని అడగడానికి వెళ్లి, బాగుచేయలేరని సంతకం పెట్టి వచ్చినట్టవుతుంది. అక్కడ రాయాల్సింది ‘బ్యాడ్లీ డ్యామేజ్డ్’. ఆ వెంటనే ‘నీడ్స్ అర్జెంట్ రిపేర్’. తీవ్రతను చెప్పే మాటలు వేరు. ఆశ లేదని చెప్పే మాట వేరు. మొదటివాటి చోట రెండోదాన్ని పెడితే మన న్యాయమైన కోరికకు మనమే గండి కొట్టుకున్నట్టు.

ఈ తేడా ఉప్పల్ మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. గుద్దుకుని నుజ్జయిన కారును చూసి అనుభవమున్న మెకానిక్ వెంటనే తీర్పు చెప్పడు. బానెట్ ఎత్తుతాడు, కింద పడుకుని చాసిస్ చూస్తాడు, ఇంజను తట్టి చూస్తాడు. అంతా అయ్యాకే "సార్, ఇది రిపేరు కాదు, స్క్రాపుకిచ్చెయ్యిండ్రి" అంటాడు. బీమా కంపెనీలకూ ఒక లెక్క ఉంది. మన దేశంలో మోటారు బీమా నిబంధనల ప్రకారం, రిపేరుకయ్యే ఖర్చు బండికి ప్రకటించిన బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగడతారు. గమనించండి. బండిని బాగుచేయడం అసాధ్యమని ఆ లెక్క చెప్పడం లేదు. చేస్తే గిట్టదు అని చెబుతోంది. అలాంటి యంత్రాల గురించి చెప్పాల్సివస్తే మామూలు ఇంగ్లీషులో ‘బియాండ్ రిపేర్’ అంటారు. ద కార్ ఈజ్ బియాండ్ రిపేర్. కారుకు, ఫోనుకు, మిక్సీకి అది చాలు. ఇరెపరబుల్‌ను అంతకంటే బరువైన చోటు కోసం దాచుకోవాలి.

ఆ బరువైన చోటు కోర్టు. మా ప్రాంతంలో ప్లాటు తగాదాలు లేని కాలనీ అరుదు. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, హద్దులు జరపడం, రాత్రికి రాత్రి ప్రహరీ లేపడం, ఇవన్నీ విన్నవే. అలాంటప్పుడు బాధితులు కోర్టుకు వెళ్లి తాత్కాలిక ఇంజంక్షన్ అడుగుతారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 39వ ఆర్డరు కింద వేసే ఆ పిటిషన్‌లో ఈ విశేషణం తప్పకుండా ఉంటుంది. ‘ఇరెపరబుల్ లాస్ అండ్ ఇంజురీ’ అని లాయరు రాస్తాడు, మనం సంతకం పెడతాం. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి న్యాయమూర్తి చూసే మూడు సంగతుల్లో అది ఒకటి. మొదటిది, పైకి చూస్తే కేసులో బలం ఉందా. రెండోది, ఆర్డరు ఇస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది. మూడోది, ఆర్డరు ఇవ్వకపోతే ఇరెపరబుల్ ఇంజురీ జరుగుతుందా.

ఈ మూడో దాన్ని సుప్రీంకోర్టు 1990ల మొదట్లో దల్పత్ కుమార్ కేసులో వివరించింది. ఆ తీర్పు సారం ఏమిటంటే, నష్టాన్ని బాగుచేయడం భౌతికంగా అసాధ్యమై ఉండాలని దీని అర్థం కాదు. అది గట్టి నష్టమై ఉండాలి, డబ్బు రూపంలో తగినంత పరిహారం ఇచ్చి సరిపెట్టలేనిదై ఉండాలి. ఇక్కడ ఇంగ్లీషులో ఒక్క అక్షరం చేసే పని చూడండి. ‘డ్యామేజ్’ అంటే నష్టం. చివర ఎస్ చేర్చి ‘డ్యామేజెస్’ అంటే ఆ నష్టానికి కోర్టు ఇప్పించే సొమ్ము. డ్యామేజెస్‌తో తీరని డ్యామేజే కోర్టు దృష్టిలో ఇరెపరబుల్. సరుకు ఆలస్యంగా వచ్చి వ్యాపారంలో లక్ష రూపాయలు పోతే, ఆ లక్షను వడ్డీతో ఇప్పించవచ్చు. ముసలితల్లి ఉంటున్న ఇంటిని విచారణ జరగకముందే కూలగొడితే, తర్వాత ఎంత సొమ్ము ఇచ్చినా ఆమె నడిచిన గడప తిరిగి రాదు. పిటిషన్ మీద సంతకం పెట్టేవాళ్లు ఆ మాటను చదివి, మన నష్టం రెండింటిలో ఏ రకమో ఆలోచించి పెట్టాలని నా కోరిక.

ప్లాట్ల ప్రపంచంలోనే దీని తోబుట్టువు ఒకటి తిరుగుతుంది. ‘ఇరెవకబుల్ జీపీఏ’. అంటే ఇచ్చినవాళ్లు ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేని పవర్ ఆఫ్ అటార్నీ. ఇది నష్టానికి సంబంధించిన మాట కాదు. ఇచ్చిన మాటకు, తీసుకున్న నిర్ణయానికి సంబంధించినది. ఇందులోనూ బలం రెండో అక్షరం మీదే. ఇ-రె-వకబుల్. మరో తోబుట్టువు ‘ఇరిట్రీవబుల్’, అంటే తిరిగి రాబట్టుకోలేనిది. 2023 మే 1న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కాపురం మళ్లీ అతికే వీలు లేకుండా విరిగిపోయిందని తేలితే రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తామే విడాకులు మంజూరు చేయవచ్చని చెప్పింది. ఆ స్థితిని న్యాయభాషలో ‘ఇరిట్రీవబుల్ బ్రేక్‌డౌన్’ అంటారు. మూడోది ‘ఇరివర్సిబుల్’, అంటే వెనక్కి తిప్పలేనిది. డాక్టర్లు ఎక్కువగా వాడేది ఇదే. గ్లకోమా వల్ల కంటినరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు. చికిత్సతో మిగిలిన చూపును కాపాడతారు. అందుకే దాన్ని ఇరివర్సిబుల్ బ్లైండ్‌నెస్ అంటారు. నాలుగోది ‘ఇరిప్లేసబుల్’, ఆ చోటులో ఇంకొకరు, ఇంకొకటి నిలవలేనిది. ఈ చివరి మూడింటిలో బలం మూడో అక్షరం మీద పడుతుంది. నిర్ణయానికి ఒకటి, చేజారినదానికి ఒకటి, జరిగిన మార్పుకు ఒకటి, సాటిలేనిదానికి ఒకటి, గాయానికి, నష్టానికి మన ఇరెపరబుల్.

మళ్లీ మన దారికి వద్దాం. దారి మీద నుంచి కుడికి తిరిగితే నాచారం. అక్కడి పారిశ్రామికవాడలో యంత్రాల మీద చేతులు పెట్టి బతికే వేలమంది ఉన్నారు. అక్కడే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పనిచేసే చోట చెయ్యి నలిగిన కార్మికుడి కాగితాల్లో రాసే మాట ‘పర్మనెంట్ డిసేబుల్‌మెంట్’, శాశ్వత వైకల్యం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం తన మొదటి షెడ్యూలులో ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో పట్టిక వేసింది. బొటనవేలు పోతే 30 శాతం. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం. చట్టం అలా లెక్క కట్టకపోతే కార్మికుడి కుటుంబానికి రూపాయి కూడా అందదు, కాబట్టి ఆ పట్టిక అవసరం. కానీ ఆ శాతం పోయిన కూలిని కొలుస్తుంది. బిడ్డకు జడ వేయడానికి, అన్నం కలపడానికి, గుండీ పెట్టుకోవడానికి పనికొచ్చిన వేలును అది కొలవలేదు. ఆ నష్టం పక్కన ఇరెపరబుల్ అన్న విశేషణం పూర్తి హక్కుతో నిలబడుతుంది. అందుకే యంత్రానికి గార్డు బిగించడం, చేతి తొడుగు ఇవ్వడం, చెవులకు రక్షణ ఇవ్వడం ఖర్చు కింద లెక్కేయకూడదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సన్నని రోమకణాలు మనిషిలో ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. ఏళ్ల తరబడి హోరులో పనిచేసినవాళ్లకు వినికిడి పోతే అది తిరిగి వచ్చేది కాదు. బాగుచేయలేని చోట మన చేతిలో ఉన్నది జరగకుండా చూసుకోవడమే.

హబ్సిగూడ దాటే దారిలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో ఆరంభమైన ఆ సంస్థలోనూ, ఉప్పల్‌లో ఉన్న డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీలోనూ పరిశోధకులు మన విశేషణాన్ని పూర్తిగా వేరే అర్థంలో కాదు, అదే అర్థంలో ఎంతో కచ్చితంగా వాడతారు. మన ఒంట్లోని ప్రతి కణంలో రోజూ డీఎన్ఏ వేలాదిసార్లు దెబ్బతింటూ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, కణంలోనే జరిగే రసాయన చర్యలు, ఇంకా ఎన్నో కారణాలు. అయినా మనం ఆరోగ్యంగా ఉన్నామంటే, కణంలోనే ఆ దెబ్బలను గుర్తించి సరిచేసే ఏర్పాటు ఉంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి దెబ్బ మరీ పెద్దదైతే? కణం ముందు విభజన ఆపుకుంటుంది. సరిచేసుకోవడానికి వ్యవధి తీసుకుంటుంది. ప్రయత్నించినా కుదరకపోతే తనంతట తాను నశించిపోతుంది. పీ53 అనే ప్రొటీన్‌కు ఇందులో పెద్ద పాత్ర ఉంది. దెబ్బతిన్న కణం నశించకుండా, అలాగే పెరుగుతూ పోతే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. శాస్త్రవేత్తలు ‘ఇరెపరబుల్ డీఎన్ఏ డ్యామేజ్’ అని రాసినప్పుడు దాని వెనుక ఇంత కథ ఉంటుంది. ఆ మాట అనడానికి ముందు పరీక్ష ఉంది, ఆగడం ఉంది, ప్రయత్నం ఉంది. ఈ విశేషణాన్ని ఎలా వాడాలో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు. తొందరపడి అనకూడదు. నిజమని తేలాక అనకుండా దాటవేయకూడదు కూడా.

అక్కడి నుంచి ముందుకు వెళ్తే తార్నాక. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, తర్వాత సీఫెల్ అయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇఫ్లూ అక్కడుంది. మన దేశంలో ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకు తరతరాలుగా శిక్షణ ఇచ్చిన చోటు అది. మాట అర్థంతోపాటు దాని పక్కన ఏ మాట కూర్చుంటుందో నేర్పాలన్నది భాషాబోధనలో గట్టిపడిన సూత్రం. ఆ సూత్రం ప్రకారం చూస్తే ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. ఇంగ్లీషులో ఇరెపరబుల్ అన్నది నష్టం పక్కన కూర్చుంటుంది, గాయం పక్కన కూర్చుంటుంది. మనిషి పక్కన కూర్చోదు. ‘ఆన్ ఇరెపరబుల్ బాయ్’ అని ఎవరూ రాయరు. రాస్తే తప్పు. జరిగినదాన్ని బాగుచేయలేం అనవచ్చు. మనిషిని బాగుచేయలేం అనడానికి ఈ మాట పనికిరాదు. ఈ నియమం నాకు వ్యాకరణం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఎందుకంటే మన ఇళ్లలో "వీడిక బాగుపడడు" అన్న మాట ఎంత తేలిగ్గా అనేస్తామో మనకు తెలుసు. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఆ మాట మరీ ఎక్కువ వినిపిస్తుంది. ఫెయిలైన పిల్లలు తమ బతుకే పాడైపోయిందనుకుంటారు. తల్లిదండ్రులారా, పిల్లలారా, దయచేసి వినండి. పరీక్ష తప్పడం పక్కన ఇరెపరబుల్ అన్న విశేషణం ఎంత ప్రయత్నించినా నిలవదు. సప్లిమెంటరీ ఉంది, వచ్చే ఏడు ఉంది, ఓపెన్ స్కూలు ఉంది, పని నేర్చుకునే దారులు వంద ఉన్నాయి. అదంతా రిపేరు. ఒక బిడ్డ ప్రాణం పోతే మాత్రం ఆ ఇంటికి జరిగేది ఇరెపరబుల్ లాస్. మొదటిదాన్ని రెండోదిగా పొరబడటం వల్ల ఎన్నో ఇళ్లు చీకటయ్యాయి. మాటను సరిగా వాడటం చదువుకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకోవద్దు. పిల్లలు కుంగిపోయినట్టు కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడండి, అవసరమైతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

తీరే నష్టానికీ, తీరని నష్టానికీ ఉన్న ఈ తేడా నగరం చరిత్రలోనూ కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. నగరాన్ని మళ్లీ నిలబెట్టారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపే జలాశయాలు కట్టారు. 1920కల్లా ఉస్మాన్‌సాగర్, 1927కల్లా హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి. నగరానికి జరిగిన నష్టానికి మరమ్మతు దొరికింది. ఆ వరదలో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు దొరకలేదు. ఒకే వరద, రెండు రకాల నష్టం. వాక్యం రాసేటప్పుడు రెండింటినీ విడదీసి రాయగలిగితే మీకు ఆ మాట వచ్చినట్టే.

ఇక చివరిగా మా చెరువుల మాట చెప్పాలి. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు ఒకప్పుడు ఊళ్లకు నీళ్లిచ్చినవి. తర్వాత ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరి నురగ, వాసన, దోమలు మిగిలాయి. "ఇంక ఆ చెరువు పని అయిపోయింది" అనడం ఇక్కడ అలవాటుగా మారింది. ఆ తీర్పు సరైనదేనా? ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగా అంబర్‌పేట వెళ్తే బతుకమ్మకుంట ఉంది. పాత రికార్డుల్లో అది 14 ఎకరాలపైన ఉన్న కుంట. ఏళ్ల తరబడి చెత్తతో, మట్టితో నిండి, ముళ్లపొదలు పెరిగి, అక్కడొక కుంట ఉండేదని కూడా కొత్తవాళ్లకు తెలియకుండా పోయింది. 2025 ఫిబ్రవరిలో చెరువుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆధ్వర్యంలో తవ్వకం మొదలుపెడితే కొద్ది లోతులోనే నీళ్లు ఊరాయి. ఆ ఏడాది సెప్టెంబరు చివరికల్లా అది మళ్లీ నిండు కుంటగా జనం ముందుకు వచ్చింది.

ఈ కథలో మన పాఠం మొత్తం ఉంది. పోయిందనుకున్నది తిరిగి వచ్చింది. కానీ తిరిగి వచ్చింది అయిదెకరాల పైచిలుకు మాత్రమే. మిగిలిన విస్తీర్ణం మీద ఇళ్లు లేచాయి, కాపురాలు వెలిశాయి. ఆ భాగం ఇక చెరువుగా మారదు. అంటే అదే కుంటలో కొంత బాగుచేయగలిగినది, కొంత బాగుచేయలేనిది. ఏది ఏదో తెలియాలంటే రికార్డు తీయాలి, కొలవాలి, తవ్వి చూడాలి. నల్లచెరువుకు వచ్చే మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. మురుగును పూర్తిగా ఆపి, పూడిక తీసి, గట్టు కాపాడితే ఆ నీళ్లు బాగుపడతాయి. చెరువులో పోసిన మురుగు బాగుచేయగల నష్టం. చెరువు మీద వేసిన స్లాబు బాగుచేయలేని నష్టానికి మొదలు. మొదటిదాన్ని చూసి ఆశ వదులుకుంటే రెండోది దానంతటదే జరుగుతుంది. "ఎలాగూ పాడైపోయింది కదా" అన్న మాటే కబ్జాదారుకు దొరికే మొదటి అనుమతి పత్రం.

అందుకే నా విన్నపం ఇది. ఇరెపరబుల్ అన్న మాటను నేర్చుకోండి, ధైర్యంగా పలకండి, అర్జీల్లో, పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో వాడండి. వాడే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పరీక్షించి చూడాల్సింది ఇంకా ఉందా? ప్రయత్నం ఏదైనా మిగిలి ఉందా? డబ్బుతో, శ్రమతో, కాలంతో ఇది తీరుతుందా? మూడింటికీ జవాబు ‘లేదు’ అయితే ఆ మాట రాయండి, దాని పూర్తి బరువుతో రాయండి. ఒక్కదానికైనా ‘అవును’ అని జవాబు వస్తే రిపేర్ అన్న మాట రాసి, అది ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో కూడా ఆ వాక్యంలోనే చేర్చండి.

ఈ రాత్రికి చిన్న అభ్యాసం. మీ వీధిలో, మీ ఇంట్లో, మీరు పనిచేసే చోట పాడైనవి రెండు ఎంచుకోండి. బాగుచేయలేనిదాని గురించి ఇరెపరబుల్‌తో ఒక వాక్యం రాయండి. బాగుచేయగలిగినదాని గురించి రిపేర్‌తో ఇంకో వాక్యం రాయండి. రెండో వాక్యాన్ని పుస్తకంలోనే వదిలేయకండి. దానికి అర్జీ కావాలంటే అర్జీ రాయండి, పలకరింపు కావాలంటే పలకరించండి, పార కావాలంటే పార పట్టండి.